లోహార్ కొడుకు హోండా

మన ఇళ్లల్లో హోండా అంటే బండి పేరు. "హోండా తీసుకున్నాం", "హోండా అమ్మేశాం" అంటాం. అది ఒక మనిషి ఇంటిపేరని, ఆ మనిషి ఒక లోహార్ కొడుకని, కుర్రతనంలో మోటారు షెడ్డులో ఉస్తాద్ గారి చంటిబిడ్డను వీపున కట్టుకుని తిరిగిన షాగిర్ద్ అని మనలో చాలామందికి తెలియదు.

ఆంధ్రాలో చూడండి, తెలంగాణలో చూడండి, ఏ ఊరి బస్టాండ్ వెనక వీధిలోకి వెళ్లినా టూవీలర్ షెడ్డు, లేత్, వెల్డింగ్, టింకరింగ్, పంక్చర్ దుకాణాల్లో మనవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. కొందరు ఉస్తాద్‌లు ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పేస్తారు. పుస్తకం చూడరు, మీటర్ పెట్టరు. చెవి పెడతారు, చాలు. అంత హునర్ ఉన్న చేతులు మనకు ఇన్ని ఉంటే, అలాంటి చేతులే ఉన్న ఒక జపాన్ ఉస్తాద్ దునియా మొత్తానికి బండ్లు ఎలా అమ్మగలిగాడు? మన ఉస్తాద్ షెడ్డు ముప్పై ఏళ్ల తర్వాత కూడా అదే రేకుల కింద ఎందుకు ఉంది? ఈ సవాల్ పట్టుకునే నేను హోండా తవారీఖ్ చదివాను. దొరికిన జవాబు కొంత సంతోషపెట్టింది, కొంత కుదిపింది. అదే ఇక్కడ మీతో పంచుకుంటున్నాను.

షెడ్డులో షాగిర్ద్

సోయిచిరో హోండా 1906 నవంబర్ 17న జపాన్‌లో హమామత్సు పట్నం దగ్గర కోమ్యో అనే పల్లెలో పుట్టాడు. వాలిద్ పేరు గిహెయ్. కొలిమి పని చేసేవాడు, తర్వాత సైకిళ్లు కూడా బాగుచేసేవాడు. తల్లి మికా మగ్గం మీద బట్ట నేసేది. అంటే ఇంట్లో ఇనుము చప్పుడు ఒక పక్క, మగ్గం చప్పుడు ఒక పక్క. దౌలత్ లేదు గానీ పని ఉంది.

పల్లెలోకి మొదటిసారి మోటారు కారు వచ్చిన రోజు ఆ పిల్లవాడు దాని వెనక పరుగెత్తాడు. కారు ఆగిన చోట నేల మీద కారిన నూనె వాసన చూశాడు. ఆ వాసన తనను జిందగీ మొత్తం వదల్లేదని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. 1917లో ఆర్ట్ స్మిత్ అనే అమెరికా పైలట్ హమామత్సులో విమాన విన్యాసాలు చూపిస్తున్నాడని తెలిసి, బడి ఎగ్గొట్టి, తండ్రి సైకిల్ మీద పట్నానికి పోయాడు. టికెట్‌కు పైసలు చాలక చెట్టెక్కి చూశాడు.

ఎనిమిదేళ్ల బడి చదువు అయ్యాక, 1922లో, పదిహేనేళ్ల వయసులో టోక్యోలోని ఆర్ట్ షోకాయ్ అనే మోటారు రిపేరు షెడ్డులో చేరాడు. ఉస్తాద్ పేరు యుజో సకాకిబారా. మొదటి నెలల్లో చేతికి పానా ఇవ్వలేదు. ఉస్తాద్ బిడ్డను ఎత్తుకోవడం, నేల తుడవడం, ఇదే పని. బిడ్డ వీపు తడిపినప్పుడల్లా తోటి కుర్రాళ్లు నవ్వేవారు. మూట సర్దుకుని పారిపోదామని కూడా అనుకున్నాడు. వాలిద్ ముఖం గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఈ భాగం చదువుతుంటే మన షెడ్ల పిల్లలే కళ్లముందు కనిపించారు. చాయ్ తెచ్చేవాడు, డీజిల్లో పార్టులు కడిగేవాడు, "పదమూడు పానా ఇవ్వరా" అంటే పరుగెత్తేవాడు. మొదటి మెట్టు ఇద్దరికీ ఒకటే.

1923 సెప్టెంబర్ 1న టోక్యోను పెద్ద జల్‌జలా కూల్చేసింది. షెడ్డు కాలిపోయింది. పనివాళ్లలో చాలామంది సొంత ఊళ్లకు పోయారు. హోండా ఉండిపోయాడు. కాలిపోయిన కార్లను తెచ్చి మళ్లీ నడిచేలా చేయడమే అప్పటి పని. కూలిన పట్నంలో ఆ కుర్రాడు కొన్ని నెలల్లోనే ఏళ్ల తజుర్బా సంపాదించాడు. అదే షెడ్డులో విమాన ఇంజన్ పెట్టి రేసు కారు తయారుచేస్తుంటే సాయం పట్టాడు. 1924లో ఆ కారు పందెం గెలిచినప్పుడు డ్రైవర్ పక్కన మెకానిక్‌గా కూర్చున్నది హోండాయే.

1928లో ఉస్తాద్ తన షెడ్డు పేరే ఇచ్చి, హమామత్సులో సొంతంగా శాఖ పెట్టుకోమని పంపాడు. అప్పటికి హోండాకు 21 ఏళ్లు. చెక్క పుల్లలు వేసే కారు చక్రాలకు బదులు ఇనుప పోత చక్రాలు చేసి పేటెంట్ తీసుకున్నాడు. పట్నంలో పేరొచ్చింది, పైసా వచ్చింది. రేసుల పిచ్చి మాత్రం పోలేదు. 1936లో టోక్యో దగ్గర తమగావా పందెంలో కారు పల్టీ కొట్టి తాను, పక్కన కూర్చున్న తమ్ముడు ఇద్దరూ గాయపడ్డారు.

ఇక్కడితో కథ ఆగి ఉంటే హోండా హమామత్సులో ఒక మంచి ఉస్తాద్‌గా మిగిలేవాడు. ఆయన దారి, మన ఉస్తాద్‌ల దారి విడిపోయేది ఈ తర్వాతే.

ముప్పై ఏళ్లకు వెనక బెంచీ

రిపేరు చేసేవాడు ఎంత గొప్పవాడైనా ఇంకొకడు చేసిన వస్తువునే బాగుచేస్తాడు. హోండాకు సొంతంగా వస్తువు చేయాలనిపించింది. పిస్టన్ రింగులు ఎంచుకున్నాడు. చూడటానికి చిన్న ఇనుప చుట్టు. కానీ ఇంజన్ ఊపిరి అంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది. తోకాయ్ సెయికి అనే కంపెనీ నిలబడింది. రాత్రీ పగలూ పోత పోశాడు. రింగులు విరిగిపోయేవి, లేదంటే రాయిలా గట్టిపడేవి.

ఎంత మెహనత్ చేసినా కుదరకపోతే హమామత్సు ఇంజనీరింగ్ బడిలో ఒక ప్రొఫెసర్‌కు తన రింగు చూపించాడు. ఆయన పరీక్ష చేయించి "ఇందులో సిలికాన్ తక్కువ" అన్నాడు. సిలికాన్ కలవాలన్న సంగతే హోండాకు తెలియదు! పదిహేనేళ్లుగా ఇంజన్లతో బతికిన మనిషి. పట్నంలో పేరున్న ఉస్తాద్. కింద షాగిర్ద్‌లు ఉన్నారు. అలాంటి మనిషి తనకంటే పదేళ్లు చిన్న పిల్లల మధ్య అదే బడిలో కూర్చుని పాఠాలు వినడం మొదలుపెట్టాడు. పగలు క్లాసు, రాత్రి కార్‌ఖానా. తనకు కావలసిన పాఠాలు మాత్రమే విన్నాడు. పరీక్షలు రాయలేదు కాబట్టి సర్టిఫికెట్ ఇవ్వం అన్నారు. ఆయన ఫికర్ చేయలేదు. కాగితం కోసం పోలేదు కదా, ఇల్మ్ కోసం పోయాడు.

ఆ ఇల్మ్ వచ్చాక కూడా మొదటి ఫలితం చూడండి. టయోటా కోసం 30,000 రింగులు పోసి, అందులోంచి మంచివి 50 ఏరి పరీక్షకు పంపితే 3 మాత్రమే పాసయ్యాయి. ఇంకెవరైనా అయితే దుకాణం మూసేవారు. ఆయన మళ్లీ నేర్చుకుని, యంత్రాలు మార్చి, చివరికి టయోటాకు సరుకు ఇచ్చే స్థితికి వచ్చాడు.

నా దృష్టిలో ఈ మొత్తం తవారీఖ్‌లో ఇదే పెద్ద సంఘటన. రేసులు గెలవడం కంటే, కోట్ల బండ్లు అమ్మడం కంటే ఇదే పెద్దది. చేతికి తెలిసింది బుర్రకు కూడా తెలియాలని, అందుకోసం ఇజ్జత్ పక్కన పెట్టి వెనక బెంచీలో కూర్చోవచ్చని ఒక ఉస్తాద్ ఒప్పుకున్నాడు.

వేడినీళ్ల డబ్బా పెట్రోలు ట్యాంకు అయింది

తర్వాత జంగ్ వచ్చింది. దేశంలోని మిగతా కార్‌ఖానాల్లాగే హోండా కార్‌ఖానా కూడా సైన్యం అవసరాలకు పనిచేసింది. మగవాళ్లు యుద్ధానికి పోతే ఆడవాళ్లు నడపగలిగేలా యంత్రాలు చేశాడు. పక్కనే ఉన్న నిప్పోన్ గక్కి కంపెనీ, అంటే నేటి యమహా, అప్పట్లో విమానాల చెక్క ప్రొపెల్లర్లు చెక్కేది. వాటిని తొందరగా చెక్కే యంత్రం చేసిచ్చాడు. హమామత్సు మీద బాంబులు పడ్డాయి. 1945 జనవరిలో వచ్చిన భూకంపంలో ఇంకో కార్‌ఖానా కూలింది. యుద్ధం అయ్యాక మిగిలిన వాటాను టయోటా వర్గానికి 4,50,000 యెన్లకు అమ్మేసి, ఒక ఏడాది పాటు ఏ పనీ పెట్టుకోకుండా ఉండిపోయాడు.

ఓడిన ముల్క్ ఎలా ఉంటుందో ఊహించండి. తిండి లేదు, పెట్రోలు రేషన్, రైళ్లు కిటకిట. జనానికి సైకిలే దిక్కు. ఇంటికి బియ్యం కావాలంటే హోండా భార్య సాచి సైకిల్ తొక్కుకుంటూ దూరం పల్లెలకు పోయేది. 1946లో హోండా హమామత్సులో చిన్న షెడ్డు వేశాడు. సైన్యం వైర్‌లెస్ సెట్లకు కరెంటు ఇచ్చే చిన్న ఇంజన్లు యుద్ధం అయ్యాక పనికిరాకుండా పడి ఉన్నాయి. వాటిని కొని, మార్చి, సైకిల్‌కు బిగించాడు. మొదటి బండికి పెట్రోలు ట్యాంకుగా పెట్టింది ఏమిటో తెలుసా? చలికాలం పడకలో వెచ్చదనం కోసం పెట్టుకునే వేడినీళ్ల డబ్బా.

బండి నడిపి చూడమని బేగమ్‌కే ఇచ్చాడు. ఆడవాళ్లు కూడా నడపగలగాలి కదా అన్నాడు. ఆమె ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వీధుల్లో తిరిగొచ్చింది. తిరిగొచ్చాక చూస్తే బట్టల మీద నూనె చిమ్మి ఉంది. "ఇలా అయితే కొన్నవాళ్లు తిడతారు" అనే అర్థం వచ్చేలా ఆమె చెప్పింది. మామూలుగా ఎవరి మాటా వినని ఆ మనిషి నూనె చిమ్మకుండా కార్బొరేటర్ బాగుచేశాడు.

పెట్రోలు చాలక పైన్ చెట్ల వేళ్ల నుంచి తీసిన నూనె కలిపి నడిపారు. పొగ, కంపు. అయినా జనం వరుసకట్టి కొన్నారు. సైన్యం ఇంజన్లు అయిపోతే 1947లో సొంత ఇంజన్ వేశాడు. 1948 సెప్టెంబర్ 24న హోండా మోటార్ కంపెనీ మొదలైంది. మూలధనం 10 లక్షల యెన్లు, పనివాళ్లు 34 మంది. 1949 ఆగస్టులో 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్‌తో పూర్తి మోటార్‌సైకిల్ వచ్చింది. పేరు డ్రీమ్. ఖ్వాబ్ అన్నమాట.

ముహర్ దోస్త్ చేతికి

అప్పట్లో జపాన్‌లో మోటార్‌సైకిల్ చేసే కంపెనీలు చిన్నా పెద్దా కలిపి రెండు వందల దాకా ఉండేవి. చివరికి మిగిలినవి నాలుగు: హోండా, సుజుకి, యమహా, కవాసాకి. వీటిలో మొదటి మూడూ హమామత్సు చుట్టుపక్కలే మొదలయ్యాయి. సుజుకి ముందు మగ్గాలు చేసేది, యమహా హార్మోనియంలాంటి ఆర్గన్లు చేసేది. మునిగిపోయిన కంపెనీల్లో హునర్ ఉన్నవాళ్లు లేరా? ఉన్నారు. చాలామందికి లెక్క చూసే మనిషి లేడు.

హోండాకు ఆ మనిషి 1949లో దొరికాడు. పేరు తాకెవో ఫుజిసావా. ఇంజన్ గురించి పెద్దగా తెలియదు. వ్యాపారం తెలుసు, మనుషులు తెలుసు. ఇద్దరి మధ్య మాట ఒకటే: వస్తువు నీది, పైసా నాది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. హోండా కంపెనీ ముహర్, అంటే సంతకంతో సమానమైన ముద్ర, తీసి ఫుజిసావా చేతికి ఇచ్చేశాడు. చివరిదాకా దాన్ని తిరిగి అడగలేదు. మొదట్లో ఇద్దరూ రాత్రంతా కూర్చుని మాట్లాడుకునేవారు. తర్వాత్తర్వాత కలవకుండానే ఒకరి మనసు ఒకరికి తెలిసేది.

ఇది ఎంత కష్టమో మనకు తెలుసు. మన దగ్గర అన్నదమ్ములే షరీక్‌గా పెట్టిన దుకాణం మూడేళ్లలో రెండు బోర్డులవుతుంది. ఉస్తాదే పని చూడాలి, ఉస్తాదే గల్లా చూడాలి, ఉస్తాదే బాకీలు వసూలు చేయాలి. ఒకే మనిషి ఎన్ని చూస్తాడు?

ఫుజిసావా చేసిన ఒక పని చూడండి. 1952లో సైకిల్‌కు తగిలించే చిన్న ఇంజన్ వచ్చింది. పేరు కబ్. తెల్ల ట్యాంకు, ఎర్ర ఇంజన్. మోటార్‌సైకిల్ దుకాణాల ద్వారా అమ్మితే నాలుగు ఊళ్లలోనే అమ్ముడవుతుంది. అందుకని దేశంలోని 50 వేలకు పైగా సైకిల్ దుకాణాలకు ఉత్తరాలు రాశాడు. మీ పెద్దలు హిమ్మత్ చేసి విదేశీ సైకిళ్లు తెచ్చి అమ్మారు, ఇప్పుడు ఇంజన్ జమానా వచ్చింది, మీరూ ముందుకు రండి అన్నది ఆ ఉత్తరం సారాంశం. జవాబులు వేలకు వేలు వచ్చాయి. ముందుగా పైసలు కట్టినవాళ్లకు ఇంజన్లు పెట్టెల్లో పంపారు. ఊరి చివర సైకిల్ షాపువాడు ఒక్క ఉత్తరంతో హోండా డీలర్ అయ్యాడు.

దెబ్బలు కూడా తగిలాయి. అదే కాలంలో 45 కోట్ల యెన్లు పెట్టి విదేశీ యంత్రాలు తెప్పించారు. అది కంపెనీ మూలధనానికి ఎన్నో రెట్లు. 1954 వచ్చేసరికి పెద్ద బండి ఇంజన్‌లో లోపం వచ్చింది, జూనో స్కూటర్ అమ్ముడు కాలేదు, కబ్ గిరాకీ పడిపోయింది. కంపెనీ మునిగే స్థితి. ఫుజిసావా మిత్సుబిషి బ్యాంకుకు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. బ్యాంకు చేయి వదల్లేదు. ఈ మాట దాటి పోకూడదు. హోండా తన హిమ్మత్ మీదే నిలబడలేదు. ఒక షెడ్డు మనిషిని నమ్మి రుణం ఇచ్చే బ్యాంకు కూడా ఆ దేశంలో ఉంది. మన ఉస్తాద్ బ్యాంకుకు పోతే ముందు అడిగేది పూచీకత్తు. రేకుల షెడ్డు అద్దెది, స్థలం మునిసిపాలిటీది. పూచీకత్తు ఎక్కడి నుంచి తెస్తాడు?

అంత తంగీలో, 1954 మార్చిలోనే, హోండా పేరుతో ఒక ప్రకటన వెలువడింది: ఐల్ ఆఫ్ మ్యాన్ రేసులో పాల్గొంటాం. దునియాలోనే కఠినమైన మోటార్‌సైకిల్ పందెం అది. ఆ జూన్‌లో అక్కడికి పోయి చూసిన హోండాకు కళ్లు తిరిగాయి. యూరప్ ఇంజన్ల బలం ముందు తనవి ఆటబొమ్మలు. చైన్లు, రిమ్ములు, కార్బొరేటర్లు కొనుక్కుని, సామాను బరువైపోయినా మోసుకుని వచ్చాడు. 1959లో మొదటిసారి పోటీలో దిగితే 125 సీసీలో ఆరో స్థానం వచ్చింది. 1961లో 125, 250 రెండు తరగతుల్లోనూ మొదటి ఐదు స్థానాలు హోండావే.

ఒంటిచేత్తో నడిచే బండి

రేసులు పేరు తెచ్చాయి. అన్నం పెట్టింది మాత్రం 1958 ఆగస్టులో వచ్చిన సూపర్ కబ్. జపాన్‌లో సోబా అనే సేమియా లాంటి వంటకం ఇళ్లకు తెచ్చిచ్చే కుర్రాళ్లు ఉండేవారు. ఒక చేత్తో పళ్లేలు భుజం మీద పట్టుకుని, ఇంకో చేత్తో సైకిల్ నడిపేవారు. అలాంటి కుర్రాడు ఒంటిచేత్తో నడపగలిగే బండి కావాలన్నది హోండా లెక్క. అందుకే చేత్తో పట్టే క్లచ్ తీసేశాడు. గేరు కాలితో మార్చితే చాలు, క్లచ్ తనంతట తానే పనిచేస్తుంది. కాలు ఎత్తి దాటనవసరం లేకుండా ముందు భాగం కిందికి వంచాడు, ఆడవాళ్లకు వీలుగా. బురద పడకుండా ప్లాస్టిక్ కవచం పెట్టాడు. ఇంజన్ 50 సీసీ, ఫోర్ స్ట్రోక్. ధర 55,000 యెన్లు.

నమూనా చూసి ఫుజిసావా నెలకు 30,000 అమ్ముతానన్నాడు. వింటున్నవాళ్లు ఏడాదికేమో అనుకున్నారు. అప్పట్లో జపాన్ మొత్తం మీద అన్ని కంపెనీలవీ కలిపి నెలకు 40,000 బండ్లే అమ్ముడయ్యేవి! ఆ మాట నిలబెట్టడానికి సుజుకాలో కొత్త కార్‌ఖానా కట్టారు. 1959లో అమెరికాలో దుకాణం తెరిస్తే అక్కడ పెద్ద బండ్లు తంటా పెట్టాయి. జపాన్ రోడ్ల కోసం చేసిన ఇంజన్లు అమెరికా దూరాలకు, వేగానికి ఆగలేదు. నిలబెట్టింది ఈ చిన్న సూపర్ కబ్బే. 2017 నాటికి సూపర్ కబ్ వరుస బండ్లు 10 కోట్లు తయారయ్యాయి. ఇంజన్ ఉన్న ఏ వాహనమూ దునియాలో ఇన్ని తయారు కాలేదు.

కుర్చీ దిగిన రోజు

హోండా ఫరిష్తా ఏమీ కాదు. కోపం వస్తే చేతిలో ఉన్న పానా విసిరేవాడని, చెయ్యి కూడా చేసుకునేవాడని ఆయన దగ్గర పనిచేసినవాళ్లే చెప్పారు. మన షెడ్లలో పిల్లల్ని కొట్టే ఉస్తాద్‌లు దీన్ని సనదుగా చూపించుకోవద్దు. ఆయన గొప్పతనం ఆ దెబ్బల్లో లేదు.

జిద్ కూడా ఎక్కువే. 1960ల చివర్లో కంపెనీ కార్లు చేస్తున్నప్పుడు ఇంజన్‌ను గాలితోనే చల్లబరచాలని పట్టుబట్టాడు. కుర్ర ఇంజనీర్లు నీళ్లతో చల్లబరచాలన్నారు. పొగ తగ్గించాలన్న కొత్త చట్టాలకు అదే దారి అన్నారు. విషయం ఫుజిసావా దాకా పోయింది. నువ్వు కంపెనీ అధ్యక్షుడిగా ఉంటావా, ఇంజనీరుగా ఉంటావా అని ఆయన దోస్త్‌ను అడిగాడు. హోండా కాసేపు ఆలోచించి, అధ్యక్షుడిగానే ఉంటానన్నాడు. అంటే ఇంజనీర్లు చెప్పింది ఒప్పుకున్నట్టే. ఆ కుర్రాళ్లు చేసిన సీవీసీసీ ఇంజన్ 1972లో అమెరికా కొత్త పొగ పరీక్షలో గెలిచింది. ఇక అమెరికా పెద్ద కంపెనీలతో సమానమయ్యాం అని హోండా మురిసిపోతే, మేం కంపెనీ కోసం కాదు, జనం కోసం చేస్తున్నాం అన్న జవాబు కుర్రాళ్ల నుంచి వచ్చింది. అది విన్నాక తాను దిగిపోయే వేళ అయిందని తెలుసుకున్నాడు.

1973 అక్టోబర్‌లో హోండా, ఫుజిసావా ఒకేసారి తప్పుకున్నారు. గద్దె కొడుకులకు ఇవ్వలేదు. పిల్లల్ని కంపెనీలోకి తేకూడదని ఇద్దరూ ముందే అనుకున్నారు. హోండా పెద్దకొడుకు హిరోతోషి ముగెన్ అనే వేరే కంపెనీ పెట్టుకున్నాడు. కొత్త అధ్యక్షుడు కియోషి కవాషిమా, వయసు 45. ఆయన ఎవరంటే, 1947లో ఆ షెడ్డులో చేరిన కుర్ర ఇంజనీరు. హోండా వెనక బెంచీలో కూర్చున్న బడి నుంచే చదివి వచ్చినవాడు. 1951లో కొత్త ఫోర్ స్ట్రోక్ బండిని హోరువానలో హకోనే కనుమ ఎక్కించి చూపింది కూడా ఆయనే. విరాసత్ రక్తానికి పోలేదు, పనికి పోయింది.

మన దాకా వచ్చిన హోండా

మన ముల్క్‌లో 1984లో హీరో సైకిళ్ల ముంజాల్ ఖాన్‌దాన్, హోండా కలిసి హీరో హోండా పెట్టాయి. 1985లో సీడీ 100 వచ్చింది. సుజుకి, యమహా, కవాసాకి కూడా కాస్త అటూ ఇటూగా ఆ కాలంలోనే మన కంపెనీలతో జతకట్టి దిగాయి. ఆ మూడూ టూ స్ట్రోక్ బండ్లతో వస్తే హోండా ఫోర్ స్ట్రోక్‌తో వచ్చింది. పెట్రోల్లో ఆయిల్ కలపక్కర్లేదు, మైలేజీ ఎక్కువ. చిన్న ఉద్యోగి, పాలవాడు, బట్టల మూట కట్టుకుని ఊళ్లు తిరిగే వ్యాపారి బండి కొనగలిగారు.

ఇందులో హీరో అన్న పేరు వెనక ఒక ముచ్చట ఉంది. ముంజాల్ సోదరులు నేటి పాకిస్తాన్‌లోని కమాలియా నుంచి అమృత్‌సర్ వచ్చి సైకిల్ విడిభాగాలు అమ్ముకునేవారు. కరీం దీన్ అనే ముస్లిం కారీగర్ సైకిల్ సీట్లు చేసి హీరో అన్న పేరుతో వాళ్లకు ఇచ్చేవాడు. 1947లో దేశం చీలినప్పుడు ఆయన పాకిస్తాన్ వెళ్లిపోతుంటే, ఆ పేరు మేం వాడుకోవచ్చా అని ఓం ప్రకాశ్ ముంజాల్ అడిగాడట. ఆయన సరే అన్నాడు. ముంజాల్ కుటుంబమే చెప్పుకునే కథ ఇది. ఊరు విడిచి పోతున్న ఒక కారీగర్ ఇచ్చిన పేరు తర్వాత మన ఊళ్లలో లక్షల బండ్ల మీద తిరిగింది. 2010లో రెండు కంపెనీలు విడిపోవాలని నిర్ణయించుకున్నాక కూడా హీరో అన్న పేరు నిలిచే ఉంది.

అదే బండి మన పెళ్లి మాటల్లోకి కూడా వచ్చింది. 1990ల్లో జోడే కీ రఖమ్‌తో పాటు "దూలాకు హీరో హోండా" అన్నది ఎన్ని ఇళ్లల్లో విన్నానో. భార్య సైకిల్ తొక్కలేక అలసిపోతోందని మొదలైన బండి అది. మన దగ్గరికి వచ్చేసరికి ఆడపిల్ల తండ్రి అప్పు చేసి కొనాల్సిన వస్తువైంది. ఇందులో హోండా తప్పేమీ లేదు.

ఇప్పుడు మన షెడ్లకు ఇంకో మార్పు వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. కొత్త బండ్లలో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. సెన్సార్లు, స్కానర్. దాని వెనకే కరెంటు బండ్లు. చెవి పెట్టి రోగం చెప్పిన ఉస్తాద్‌కు ఈ బండ్లు ఏమీ చెప్పవు. యాభై ఏళ్ల ఉస్తాద్‌లు "ఇక మన జమానా అయిపోయింది" అనడం నేను విన్నాను. వాళ్ల హునర్‌కు ఏమీ కాలేదు. తక్కువైంది హోండా రింగుల్లో తక్కువైన సిలికానే.

అందుకే షెడ్డు నడిపే తండ్రులకు, కొడుకును షెడ్డులో పెట్టిన తల్లులకు నా మష్వరా ఒకటే. పిల్లవాడిని షెడ్డు మానిపించనక్కర్లేదు. పదో తరగతి మానిపించకండి. ఐటీఐలో మెకానిక్, ఎలక్ట్రీషియన్ ట్రేడ్లు ఉన్నాయి, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. షెడ్డులో చేయి తిరిగిన పిల్లవాడు అక్కడ అందరికంటే ముందుంటాడు. ఉస్తాద్‌లు కూడా పదిమంది కలిసి ఒక స్కానర్ కొనుక్కోవచ్చు. చదువుకున్న ఒక కుర్రాడిని, పరాయివాడైనా సరే, లెక్కలు చూడటానికి పెట్టుకోవచ్చు. గల్లా తాళం ఒకరికి ఇవ్వడం కష్టమే. కానీ హోండా ముహరే ఇచ్చేశాడు.

పదవి దిగాక హోండా జపాన్ అంతా తిరిగి తన కంపెనీ దుకాణాల్లో, కార్‌ఖానాల్లో పనిచేసేవాళ్లను కలిసి షుక్రియా చెప్పాడు. ఒకచోట ఒక మెకానిక్ చేయి కలపబోయి, అరచేయి నిండా నూనె ఉందని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడట. హోండా ఆ చేయి పట్టుకుని, తనకు ఈ నూనె వాసన ఇష్టమని చెప్పి మరీ చేయి కలిపాడని చెబుతారు. 1991 ఆగస్టు 5న చనిపోయేముందు, కంపెనీ తరఫున పెద్ద జనాజా పెట్టవద్దని, రోడ్లు ఆగిపోయి జనం ఇబ్బంది పడతారని చెప్పి పోయాడు.

మన పిల్లల చేతులకూ అదే నూనె ఉంది. వాళ్లు సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు ఈ కథ ఒకసారి చెప్పండి.